మూడూ ట్రిపుల్ ఎక్సలెంటే అయితే, అందులో మంచి కట్ ఏదో ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది ఇది: ఉంగరానికి ఒక క్యారెట్ గుండ్రటి వజ్రం కొంటున్నారు. మూడు రాళ్లు చూపించారు. రంగు, క్లారిటీ ఒకటే. జీఐఏ (వజ్రాలకు గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థ) సర్టిఫికెట్‌లో మూడింటికీ కట్, పాలిష్, సిమెట్రీ అన్నీ ఎక్సలెంట్. అయినా ధరలో తేడా ఉంది, పైగా అన్నిటికంటే చవకైన రాయే కౌంటర్ మీద ఎక్కువ మెరిసినట్టు అనిపించింది. "కట్‌లో మూడూ ఒకటేనండి" అని అమ్మేవాళ్లు చెప్పారు. మీరిచ్చిన కొలతలు ఇవి (టేబుల్ అంటే రాయి పైనున్న చదునైన పెద్ద ముఖం, క్రౌన్ అంటే పై భాగం వాలు, పెవిలియన్ అంటే కింది భాగం వాలు; టేబుల్, లోతు వ్యాసంలో శాతాలు):

ఎ: టేబుల్ 56%, క్రౌన్ 34.5°, పెవిలియన్ 40.8°, లోతు 61.8%, వ్యాసం 6.44 మి.మీ.
బి (చవకది): టేబుల్ 57%, క్రౌన్ 35.5°, పెవిలియన్ 41.2°, లోతు 62.6%, వ్యాసం 6.37 మి.మీ.
సి: టేబుల్ 60%, క్రౌన్ 33°, పెవిలియన్ 40.8°, లోతు 59.7%, వ్యాసం 6.52 మి.మీ.

మూడూ ఒకటి కావు. నేను చాలా ఏళ్లుగా విడి రాళ్లు ఏరే పనిలో ఉన్నాను. ఈ మూడింటినీ ఒక కాగితం పొట్లంలో కలిపేసినా, బిని మాత్రం వేరు చేసి పక్కన పెడతాను. ఎందుకో చెబుతాను. అయితే నా మాట నమ్మి తీసుకోకండి, ఆ తేడాని మీ కళ్లతో మీరే చూసే పద్ధతి కూడా చెబుతాను.

ముందు సర్టిఫికెట్ సంగతి. జీఐఏ కట్ గ్రేడ్ ఇవ్వడం 2006లో మొదలైంది, అదీ మామూలు గుండ్రటి కోత, అంటే రౌండ్ బ్రిలియంట్‌కే. ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అని అయిదే మెట్లు. వెలుగు, రంగుల మెరుపు, కదిలిస్తే వచ్చే మిణుకు, పరిమాణానికి తగ్గ బరువు, గట్టిదనం, పాలిష్, సిమెట్రీ అన్నీ కలిపి చూసి గ్రేడ్ ఇస్తారు. ఇది అబద్ధపు గ్రేడేమీ కాదు. ఫెయిర్, పూర్ రాళ్ల జోలికి పోకుండా మిమ్మల్ని కాపాడుతుంది. కానీ పై మెట్టు చాలా వెడల్పు. క్రౌన్ 32 డిగ్రీల దగ్గరున్న రాయీ, 36 దాకా వెళ్లిన రాయీ మిగతా కొలతలు కలిసొస్తే ఒకే ఎక్సలెంట్‌లో కూర్చుంటాయి. కంటికి అవి ఒకలా కనిపించవు.

పైగా ఆ సర్టిఫికెట్ మీది అంకెలు సవరించి వేసినవి. క్రౌన్ కోణాన్ని అర డిగ్రీకి, పెవిలియన్‌ను 0.2 డిగ్రీకి సర్దుతారు. అవి కూడా చుట్టూ ఉన్న ఎనిమిది ముఖాల సగటు. అంటే 40.8 అని రాసిన రాయిలో ఒక ముఖం 40.5, దాని ఎదుటిది 41.1 ఉండొచ్చు. ఒకే అంకెలున్న రెండు సర్టిఫికెట్ల వెనుక రెండు వేరు వేరు రాళ్లు ఉండటం మేం తరచూ చూసేదే. అందుకే అంకెలు చూసి రాయిని పక్కన పెట్టేయొచ్చు కానీ, అంకెలు మాత్రమే చూసి కొనేయకూడదు.

ఇక అసలు సంగతి, కోణాలు. వజ్రం లోపల తిరిగే కాంతి ఒక ముఖానికి తగిలినప్పుడు, ఆ ముఖానికి నిటారుగా గీసిన గీతతో 24.4 డిగ్రీల కంటే ఎక్కువ వాలులో తగిలితే బయటికి పోలేదు, లోపలికే తిరుగుతుంది. తక్కువైతే బయటికి జారిపోతుంది. వజ్రం వక్రీభవన గుణకం సుమారు 2.42 కాబట్టి ఈ హద్దు అంత చిన్నది, మెరుపంతా దాని చలవే. పైనుంచి దిగిన కిరణం అడుగున ఒక పెవిలియన్ ముఖానికి తగిలి, అడ్డంగా ఎదుటి ముఖానికి తగిలి, తిరిగి పైకి మీ కంటికి రావాలి. రెండు సార్లు తిరగడం వల్ల పెవిలియన్ కోణంలో ఎంత తేడా వస్తే కిరణం దారి దానికి నాలుగింతలు తిరుగుతుంది. 0.1 డిగ్రీ మారితే లోపల 0.4 డిగ్రీలు, టేబుల్ దాటి గాలిలోకి వచ్చేసరికి ఒక డిగ్రీకి పైనే. మీ ఎకీ బికీ మధ్య పెవిలియన్‌లో తేడా 0.4 డిగ్రీలు. కాగితం మీద ఏమీ లేనట్టుంటుంది. కాంతికి మాత్రం చాలా పెద్ద తేడా.

క్రౌన్‌ను దీనితో జతగా చూడాలి. మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో లెక్క కట్టి టేబుల్ 53%, క్రౌన్ 34.5°, పెవిలియన్ 40.75° అని తేల్చాడు. ఇవాళ్టి మంచి రాళ్లు ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి, టేబుల్ మాత్రం కొంచెం పెరిగింది. కానీ అదొక్కటే సరైన బిందువని అనుకోవద్దు. క్రౌన్ ఒక డిగ్రీ పెరిగితే పెవిలియన్ సుమారు 0.2 తగ్గాలి, అది తగ్గితే ఇది పెరగాలి. 34కి 41 బాగుంటుంది, 35.5కి 40.6 బాగుంటుంది. రెండూ ఒకే వైపుకి పెరిగితేనే చిక్కు. మీ బిలో జరిగింది అదే: క్రౌన్ నిటారు, పెవిలియన్ లోతు. ఇలాంటి రాళ్లలో టేబుల్ అంచు కింద చుట్టూ ఒక వలయంలో కాంతి పైకి రాకుండా అడుగు నుంచి జారిపోతుంది.

మరి అలా ఎందుకు కోస్తారంటారా? బరువు కోసం. ముడి రాయిలోంచి ఎంత ఎక్కువ బరువు మిగిలితే కోసేవాడికి అంత లాభం, ఒక క్యారెట్ గీత దాటితే ధర ఒక్కసారిగా పెరుగుతుంది. లోతు పెంచితే ఆ బరువు నిలబడుతుంది, పైనుంచి మాత్రం కనబడదు. బి వ్యాసం చూడండి, 6.37. చక్కగా కోసిన ఒక క్యారెట్ రాయి 6.4 నుంచి 6.5 మి.మీ. దాకా ఉంటుంది. మీరు డబ్బిస్తున్నది ఒక క్యారెట్‌కి, వేలి మీద కనిపించేది అంతకంటే చిన్న రాయి. అది చవకగా రావడంలో వింతేమీ లేదు.

అయితే అదే కౌంటర్ మీద ఎందుకు ఎక్కువ మెరిసింది? ఈ ప్రశ్న మీరు అడగడం నాకు నచ్చింది, ఎందుకంటే చాలామంది మోసపోయేది ఇక్కడే. నగల దుకాణాల్లో పైన చిన్న చిన్న స్పాట్ లైట్లు పదుల కొద్దీ ఉంటాయి. ఆ దీపాల కింద ఏ రాయైనా రంగులు చిమ్ముతుంది, ఓ మోస్తరుగా కోసిన గాజు ముక్కైనా జిగేలుమంటుంది. దానికి తోడు రాళ్లను తెల్ల ట్రేలోనో, మడిచిన తెల్ల కాగితంలోనో పెడతారు. కాంతి కారిపోయే రాయికి ఇది వరం. ఏ దారిలో కాంతి బయటికి పోతుందో అదే దారిలో కింది తెలుపు లోపలికి వచ్చి ఖాళీని పూడుస్తుంది. చూసేవాళ్లకి రాయంతా తెల్లగా నిండుగా కనిపిస్తుంది. ఉంగరంలో పొదిగాక అడుగున ఉండేది తెల్ల కాగితం కాదు, లోహం, వేలు, చీకటి.

కాబట్టి ఇలా చేయండి. రాళ్లను ముందు శుభ్రంగా తుడిపించండి. వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది, ఒకరి వేలు తగిలిన రాయిని, తుడిచిన రాయిని పక్కపక్కన పెట్టి పోల్చడం వృథా. తర్వాత ఒక్కో రాయిని ట్వీజర్‌తో తీసి, మీ చూపుడు వేలికీ మధ్య వేలికీ మధ్య సందులో టేబుల్ పైకి వచ్చేలా కూర్చోబెట్టండి. స్పాట్ లైట్ల నుంచి పక్కకు జరిగి, కిటికీ దగ్గర నేరుగా ఎండ పడని చోట నిలబడి, పుస్తకం చదివే దూరంలో పట్టుకుని చూడండి. ఇప్పుడు బిలో టేబుల్ అంచు కిందుగా ఒక మసక వలయం కనిపించాలి, బూడిద రంగుకీ మీ చర్మం రంగుకీ మధ్యలో. రాయిని కొద్దిగా అటూ ఇటూ ఊపినా ఆ వలయం వెలగదు, అక్కడే మందంగా ఉండిపోతుంది. ఎలో ఆ జాగా నల్లగా ఉన్నా, ఊపగానే తెల్లగా మారుతుంది, మళ్లీ నల్లబడుతుంది. కట్ చూడటమంటే నా దృష్టిలో ముఖ్యంగా ఇదే: వెలుగూ చీకటీ చోట్లు మార్చుకుంటున్నాయా, లేక ఏదైనా చోట కదలకుండా చచ్చుపడి ఉందా.

నలుపు చూసి కంగారు పడొద్దు. నలుపు రెండు రకాలు. మంచి గుండ్రటి రాయిని ఎదురుగా చూస్తే మధ్య నుంచి ఎనిమిది నల్లటి బాణాలు కనిపిస్తాయి. అది కాంతి కారిపోవడం కాదు, మీ తలే అక్కడ ప్రతిఫలిస్తోంది. ఫోన్‌తో దగ్గర నుంచి ఫోటో తీస్తే ఆ బాణాలు ఇంకా నల్లగా పడతాయి, ఎందుకంటే ఫోనే కాంతికి అడ్డు. ఇలాంటి ఫోటోలు పంపి "రాయి మధ్యలో నల్లగా ఉంది, తిరిగిచ్చేయాలా?" అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. చేయి చాపి దూరం పెట్టి ఊపితే ఆ నలుపు పోతుంది. పోకుండా మధ్యలో నల్లటి మేకు తలలా నిలిచిపోతే అప్పుడు భయపడాలి, పెవిలియన్ మరీ లోతన్నమాట. దీనికి వ్యతిరేకంగా టేబుల్ లోపల తెల్లటి గుండ్రటి అంచు, చేప కన్నులా కనిపిస్తే పెవిలియన్ లోతు మరీ తక్కువన్నమాట, అక్కడ మీరు చూస్తున్నది గర్డిల్ (రాయి నడుము చుట్టూ ఉండే అంచు) ప్రతిబింబం. ఎక్సలెంట్ గ్రేడు రాళ్లలో ఈ రెండూ దాదాపు రావు కాబట్టి మీకు ఈ బెడద లేదు.

ఇంకోచోట కూడా చూడండి. స్పాట్ లైట్లకు దూరంగా బల్ల కింద నీడలోకి చేయి పెట్టండి. వెలుతురు తక్కువైనప్పుడు మంచి రాయి దొరికిన కాస్త కాంతినీ పైకి తెస్తుంది, బలహీనమైనది పొగ పట్టినట్టు ఒక్కసారిగా మసకబారుతుంది. రంగుల మెరుపును మాత్రం ఇక్కడ వెతకొద్దు. దానికి ఒక్కటే దీపం, చుట్టూ చీకటి కావాలి. కిటికీ దగ్గర వెలుగును, ఒంటి దీపం కింద రంగులను చూస్తే సరిపోతుంది. దీపాల తోరణం కింద రెండూ కలగాపులగం అయిపోతాయి.

ఏది ఏ రాయో మీకు ముందే చెప్పొద్దని అమ్మేవాళ్లకి చెప్పడం మంచిది. ధర తెలిశాక కన్ను మారిపోతుంది.

ఇప్పుడు సి గురించి. దీన్ని చాలామంది అంకెలు చూసి కొట్టేస్తారు, టేబుల్ 60 అంటేనే ముఖం చిట్లించేవాళ్లున్నారు. నేను అలా అనను. క్రౌన్ తక్కువ ఉన్నా పెవిలియన్ 40.8 దానికి సరిపోతుంది, కాంతి పెద్దగా కారదు. టేబుల్ పెద్దది కాబట్టి తెల్లటి వెలుగు ఎక్కువ, క్రౌన్ ఎత్తు తక్కువ కాబట్టి రంగులు కాస్త తక్కువ. పైనుంచి చూస్తే 6.52, మూడింట్లోకీ పెద్దగా కనిపించే రాయి. పరిచిన రాయి అంటాం మేము. దగ్గరగా చూస్తే ఎలో ఉన్నంత జీవం ఉండకపోవచ్చు, కానీ చెవులకో మెడకో వేసుకునే రాయి అయితే నేను ముందు సిని చూపిస్తాను. అలాంటి నగను ఎదుటివాళ్లు దూరం నుంచే చూస్తారు, తల అడ్డు రాదు, పరిమాణం కనిపిస్తుంది. ఉంగరాన్ని పెట్టుకున్నవాళ్లే రోజూ దగ్గర నుంచి చూసుకుంటారు కాబట్టి మీకు ఎ మీద నా ఓటు. రంగుల మెరుపు కన్నా తెల్లటి ధగధగే ఇష్టమంటే సి తీసుకున్నా తప్పు పట్టను.

కొనేముందు అడగదగ్గ చిన్న సాయం ఒకటుంది, ఐడియల్‌స్కోప్ ఫోటో. ఎర్రటి లోపలి గోడ ఉన్న చిన్న గొట్టం అది. రాయికి వెనుక నుంచి తెల్ల వెలుతురు ఇచ్చి అందులోంచి చూస్తే, కాంతి తిరిగొచ్చే చోటు ఎర్రగా, కారిపోయే చోటు తెల్లగా, తల అడ్డొచ్చే చోటు నల్లగా కనిపిస్తుంది. బిని అందులో పెడితే టేబుల్ కింద వలయం లేత గులాబీగానో తెల్లగానో పడుతుంది, వాదించాల్సిన పని ఉండదు. గర్డిల్ దగ్గర చిన్న చిన్న తెల్ల ముక్కలు మంచి రాయిలోనూ ఉంటాయి, వాటిని పట్టించుకోవద్దు. అమెరికన్ జెమ్ సొసైటీ (ఏజీఎస్) వాళ్ల ఆసెట్ ఫోటో, అంటే కాంతి ఎటు నుంచి వస్తుందో రంగుల్లో చూపే ఫోటో, దొరికితే ఇంకా మంచిది. అందులో ఎరుపు పైనుంచి వచ్చే బలమైన కాంతి, ఆకుపచ్చ పక్కల నుంచి వచ్చే బలహీనమైన కాంతి, నీలం మీ తల వైపుది. ఆ సొసైటీ ల్యాబ్ 2022 చివరిలో మూతపడి, వాళ్ల పద్ధతి జీఐఏ చేతికి వెళ్లింది. కాబట్టి పాత ఏజీఎస్ రిపోర్టుల్లో 0 అని ఉంటే అది సున్నా మార్కులని అనుకోకండి, వాళ్ల లెక్కలో అదే అన్నిటికంటే పై గ్రేడు. ఇక ఇంటర్నెట్లో దొరికే హాలోవే కట్ అడ్వైజర్‌లో లోతు, టేబుల్, రెండు కోణాలు వేస్తే ఒక స్కోరు ఇస్తుంది. 2 కంటే తక్కువ వస్తే చూడదగ్గ రాయి. అది వడపోతకే పనికొస్తుంది. 0.8 వచ్చిన రాయి 1.5 వచ్చిన దానికంటే గొప్పదని అర్థం కాదు.

"హార్ట్స్ అండ్ యారోస్" అని ఎక్కువ ధర చెబితే ఏం చేయాలని కూడా అడిగారు. పైనుంచి ఎనిమిది బాణాలు, కింది నుంచి ఎనిమిది హృదయాలు ఒకే కొలతలో కనిపించేంత పొందికగా ముఖాలు కోశారని దానర్థం. సర్టిఫికెట్‌లోని సిమెట్రీ ఎక్సలెంట్‌తో దీనికి పెద్దగా సంబంధం లేదు, అక్కడ చూసేది ముఖాల మూలలు సరిగ్గా కలిశాయా, ఆకారం వంకర పోయిందా లాంటివి. బాణాలు ఓ మాదిరిగా చాలా రాళ్లలో కనిపిస్తాయి, అసలు పరీక్ష హృదయాలు. వాటిలో చీలికలు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది ఉంటే ఆ పేరుకి అదనంగా ఇవ్వొద్దు. చక్కగా ఉంటే మాత్రం నిజంగా మంచి పనితనమే. దానికోసం ఎంత ఇవ్వాలన్నది మీ ఇష్టం, ఉంగరం వేసుకుని వెళ్తే పక్కవాళ్లు ఆ తేడా కనిపెట్టరు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పాలిష్, సిమెట్రీల్లో ఎక్సలెంట్‌కీ వెరీ గుడ్‌కీ మామూలు కంటికి తేడా తెలియదు, దానికోసం మంచి కోణాలున్న రాయిని వదులుకోవద్దు. గర్డిల్ సన్నం నుంచి కొంచెం మందం దాకా బాగుంటుంది. మరీ సన్నమైతే పొదిగేటప్పుడు పెచ్చు లేచే ప్రమాదం, మరీ మందమైతే మళ్లీ బరువు దాచిన రాయే. క్యూలెట్ (అడుగు మొనను చదును చేసిన చిన్న ముఖం) 'నన్', అంటే లేదు, అని ఉండాలి. లోయర్ హాఫ్ (గర్డిల్ నుంచి అడుగు వైపు దిగే సన్నటి ముఖాల పొడవు శాతం) 75 ఉంటే బాణాలు లావుగా, మెరుపులు పెద్దగా వస్తాయి, 80 అయితే సన్నగా, చిన్న చిన్నగా ఎక్కువ మిణుకులు. రెండూ మంచివే. ఫ్లోరెసెన్స్ (అతినీలలోహిత కాంతిలో రాయి వెలగడం) కట్‌కి చెందింది కాదు. స్ట్రాంగ్ అని ఉంటే ఎండలో ఒకసారి చూసి, పాలు కలిపినట్టు మసక లేకపోతే సరే. ల్యాబ్‌లో తయారైన వజ్రమైనా ఈ లెక్కల్లో ఒక్కటీ మారదు, కాంతికి రెండూ వజ్రాలే.

ఓవల్, పేర్, మార్కీజ్, కుషన్ లాంటి ఆకారాలకి మాత్రం ఈ సమాధానంలోని అంకెలు వాడకండి. వాటికి జీఐఏ కట్ గ్రేడ్ ఇవ్వదు, సర్టిఫికెట్‌లో పాలిష్, సిమెట్రీ మాత్రమే ఉంటాయి. రెండు ఎక్సలెంట్లు చూసి కట్ కూడా ఎక్సలెంటే అనుకునేవాళ్లు చాలామంది. పొడవాటి ఆకారాల్లో మధ్యలో బో టై లాంటి నల్లటి పట్టీ వస్తుంది. కొద్దిగా ఉండి, ఊపితే చెదిరిపోతే ఫరవాలేదు. ఎటు తిప్పినా నల్లగా నిలిచిపోతే వదిలేయండి. మెట్లలా కోసిన దీర్ఘచతురస్రపు ఎమరాల్డ్ కట్‌లో మధ్య నుంచి వేలు కనిపిస్తుందేమో చూడండి. వీటిని వీడియో కూడా చూడకుండా ఆన్‌లైన్లో కొనొద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: బిని పక్కన పెట్టండి. ఎకీ సికీ ఐడియల్‌స్కోప్ ఫోటోలు అడగండి, ఇవ్వలేమంటే వేళ్ల సందు పరీక్ష చాలు. వీలైతే సరీన్ రిపోర్ట్ (రాయిని యంత్రంతో స్కాన్ చేసి కొలిచిన నివేదిక) కూడా అడగండి, అందులో ఎనిమిది ముఖాల కోణాలూ విడివిడిగా ఉంటాయి. పెవిలియన్ ముఖాల మధ్య తేడా 0.2, 0.3 లోపల ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. డబ్బు కట్టేముందు పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, అంటే 10ఎక్స్ లూప్‌తో గర్డిల్ మీద లేజర్‌తో చెక్కిన నంబరు సర్టిఫికెట్ నంబరుతో సరిపోయిందో చూడండి. పొదిగించి తెచ్చాక మళ్లీ ఒకసారి చూడండి, అందుకని రాయిని పట్టి ఉంచే లోహం కింద ఆ నంబరు కప్పబడిపోకుండా పొదగమని ముందే చెప్పాలి.

కొన్ని వారాలు పెట్టుకున్నాక "రాయి మెరుపు తగ్గింది" అనిపిస్తే కట్‌ని అనుమానించకండి, అడుగున జిడ్డు పేరుకుని ఉంటుంది. పెవిలియన్‌కి నూనె పొర అంటితే నేను పైన చెప్పిన 24.4 డిగ్రీల హద్దు 38 దాకా పెరుగుతుంది, దాంతో మంచి రాయి కూడా కాంతి కార్చడం మొదలెడుతుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి కాసేపు నానబెట్టి, మెత్తని బ్రష్‌తో రాయి వెనుక వైపు రుద్దితే పోతుంది. చాలామంది టేబుల్ ఒక్కటే తుడుస్తారు, జిడ్డు ఉండేది మాత్రం వెనకాల.